వ్యవసాయం, కృషి: అర్థాలు మార్చుకున్న రెండు మాటలు

క్లుప్తంగా: సంస్కృతంలో ‘వ్యవసాయం’ అంటే గట్టి నిశ్చయం, పూనిక. ‘కృషి’ అంటే నేల దున్నడం. తెలుగులో ఈ రెండూ చోట్లు మార్చుకున్నాయి. పొలం పని వ్యవసాయమైంది, పట్టుదలతో చేసే ప్రయత్నం కృషి అయింది. అదే ‘వ్యవసాయం’ హిందీలో వృత్తిగా, వ్యాపారంగా, మలయాళంలో పరిశ్రమగా మారింది. ఎవరూ తప్పు చేయడం వల్ల జరిగిన మార్పు కాదిది. దీని వెనకాల ఒక క్రమం ఉంది.

హైదరాబాద్‌లో హిందీ, ఇంగ్లిష్ పక్కపక్కనే అచ్చయిన దరఖాస్తు ఫారాలు చాలా కనిపిస్తాయి. పేరు, తండ్రి పేరు, చిరునామా అయ్యాక ఒక గడిలో ‘వ్యవసాయ్’ అని హిందీలో ఉంటుంది. స్కూల్లో నేర్చిన హిందీతో కూడబలుక్కుని చదివే తెలుగువారికి అక్కడ అడ్డు తగులుతుంది. పొలం లేని మనిషిని పొలం గురించి ఎందుకు అడుగుతున్నారని అనిపిస్తుంది. నిజానికి ఆ గడి అడుగుతున్నది వృత్తి ఏమిటని.

రాజేంద్రనగర్‌లో ఉన్నది ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలై, తర్వాత ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో నడిచి, రాష్ట్ర విభజన తర్వాత ఇప్పటి పేరు పొందింది. ఈ వర్సిటీ జిల్లాల్లో నడిపే కేంద్రాల పేరు మాత్రం ‘కృషి విజ్ఞాన కేంద్రం’. సంస్థ పేరులో వ్యవసాయం, దాని కేంద్రాల పేరులో కృషి. పని ఒకటే అయినప్పుడు పేర్లు రెండెందుకు? అశోక్‌నగర్, చిక్కడపల్లి కోచింగ్ సెంటర్లలో టెట్, డీఎస్సీకి చదివే తెలుగు అభ్యర్థులకు అర్థపరిణామం, అంటే కాలంతో మాటల అర్థాలు మారే తీరు, అనే పాఠం ఉంటుంది. ఈ ప్రశ్నకు జవాబు ఆ పాఠంలోనే దొరుకుతుంది. అయితే పాఠంలో ఇచ్చే చీర, నూనె ఉదాహరణల కంటే ఈ జంట చాలా లోతైనది.

‘వ్యవసాయం’లో నాగలి లేదు

సంస్కృతంలో ‘సో’ అనే ధాతువుకు ముగించడం, తేల్చడం అని అర్థం. దానికి ముందు ‘అవ’ చేరితే అవసానం, అంటే ముగింపు. ‘అవసాన దశ’ అన్నప్పుడు వాడేది ఇదే మాట. ‘అవ’కు ముందు ‘వి’ కూడా చేరితే వ్యవసాయం. మనసులోని ఊగిసలాటను ముగించి ఒక నిర్ణయానికి రావడం, ఆ నిర్ణయం మీద నిలబడి పనికి దిగడం దాని అర్థం. వ్యవసాయం, అవసానం ఒకే ధాతువు పిల్లలంటే మొదట నమ్మబుద్ధి కాదు కానీ వ్యాకరణం చెప్పేది అదే.

భగవద్గీత రెండో అధ్యాయంలో ‘వ్యవసాయాత్మికా బుద్ధిః’ అని వస్తుంది. నిశ్చయంతో కూడిన బుద్ధి ఒక్కటే అని అక్కడి భావం. పదో అధ్యాయంలో కృష్ణుడు ‘జయోఽస్మి వ్యవసాయోఽస్మి’ అంటాడు. గెలుపును నేనే, పూనికను నేనే అని. పద్దెనిమిదో అధ్యాయంలో, యుద్ధం చేయనని అర్జునుడు అనుకుంటే ఆ నిశ్చయం వట్టిదని చెప్పేటప్పుడు కూడా ‘మిథ్యైష వ్యవసాయస్తే’ అన్న మాటే. వీటిలో ఎక్కడా మట్టి వాసన లేదు. ‘కిం దూరం వ్యవసాయినామ్’ అనే సుభాషితం తెలుగు చెవికి ‘రైతులకు దూరమేముంది’ అన్నట్టు వినిపిస్తుంది. అది చెప్పేది మాత్రం పూనుకున్నవాడికి ఏ చోటూ దూరం కాదని.

తర్కశాస్త్రంలో ఈ మాటకు ఇంకా సన్నని వాడుక ఉంది. ‘ఇది కుండ’ అని తేల్చుకునే జ్ఞానం వ్యవసాయం. ‘ఇది కుండ అని నాకు తెలిసింది’ అనే తర్వాతి ఎరుక అనువ్యవసాయం. అక్కడా పని తేల్చుకోవడమే.

దున్నడమే కృషి

మరి గీతలో సాగు పనికి ఏ మాట వాడారు? పద్దెనిమిదో అధ్యాయంలోనే ‘కృషి గోరక్ష్య వాణిజ్యం’ అని ఉంది. సేద్యం, పశుపోషణ, వర్తకం అని ఆ మూడు మాటల వరస. అంటే ఒకే గ్రంథంలో రెండు మాటలూ ఉన్నాయి. తెలుగువారు అనుకునేదానికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి.

‘కృష్’ ధాతువుకు లాగడం, గీయడం అని అర్థాలు. ఆకర్షణ అంటే తనవైపు లాక్కోవడం, వికర్షణ అంటే అవతలికి నెట్టడం, కర్షకుడు అంటే దున్నేవాడు. అన్నిటిదీ ఒకే కుటుంబం. ఒక్కసారి నాగలిని దగ్గర్నుంచి చూస్తే ఈ చుట్టరికం కంటికి కనిపిస్తుంది. ఎద్దుల మెడ మీద కాడి, కాడికి కట్టిన నొగ, రైతు చేతిలో మేడి, కింద నేలలో దిగిన కర్రు. ఎద్దులు ముందుకు లాగితే కర్రు మట్టిని చీలుస్తుంది, వెనక ఒక చాలు పడుతుంది. చాలు అంటే నేల మీద పడిన గీతే. లాగడమూ గీయడమూ ఒకే పనిలో ఎలా కలిశాయో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఈ మాట చాలా పాతది కూడా. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గురించిన సూక్తం ఉంది. పాచికలాడి ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాడికి అందులో చెప్పే బుద్ధి, ‘అక్షైర్మా దీవ్యః కృషిమిత్ కృషస్వ’. పాచికలు ఆడకు, పొలమే దున్నుకో అని. అక్కడ కృషి అంటే కష్టపడి పైకి రావడం కాదు, అచ్చంగా సాగే.

తెలుగులో ఈ అర్థం పలచబడింది. ‘ఆయన చేసిన కృషి మరువలేనిది’, ‘అందరి కృషి ఫలితం’ అంటాం. పొలం గుర్తుకు రాదు. ‘కృషితో నాస్తి దుర్భిక్షం’ అనే మాట ఈ మార్పుకు మంచి కొలబద్ద. సంస్కృతంలో అది ‘కృషితో నాస్తి దుర్భిక్షమ్’. సాగు చేస్తే కరువుండదు అని నేరుగా పొలం గురించి చెప్పిన మాట. ‘కృషితో’లోని ‘తో’ తెలుగు విభక్తి కాదు, ‘కృషి వల్ల’ అనే అర్థమిచ్చే ‘కృషితః’ అనే రూపం సంధిలో అలా మారింది. తెలుగువారు ఆ ‘తో’ను తమ ‘తో’గా విన్నారు, ‘కృషి’ని తమ కృషిగా విన్నారు. కష్టపడితే లేమి ఉండదు అనే కొత్త నీతి పుట్టింది. అక్షరం మారకుండా అర్థం మొత్తం మారిపోయిన ఇలాంటి మాటలు అరుదు.

మార్పు ఎలా జరిగింది

అర్థపరిణామంలో రెండు దారులు అందరూ చదివేవే. చీర ఒకప్పుడు ఏ బట్టకైనా పేరు, ఇప్పుడు ఆడవాళ్లు కట్టుకునే బట్టకే. ఇది అర్థసంకోచం. నూనె ఒకప్పుడు నువ్వులది మాత్రమే, ఇప్పుడు పల్లీ నూనె, కొబ్బరి నూనె కూడా. ఇది అర్థవ్యాకోచం. మన జంటలో ఒక్కో మాట ఒక్కో దారి పట్టింది. ఏ పూనికనైనా చెప్పే వ్యవసాయం ఒక్క పొలం పనికి కుదించుకుపోయింది. ఒక్క దున్నకాన్నే చెప్పే కృషి అన్ని రకాల ప్రయత్నాలకూ విస్తరించింది. దారిలో ఎదురెదురు పడి ఒకదాని ఇంట్లోకి ఒకటి వెళ్లాయన్నమాట.

కుదింపుకు కారణం ఊహించడం కష్టం కాదు. ఊళ్లో దాదాపు అందరి పూనికా పొలమే అయినప్పుడు, ‘పని మొదలుపెట్టారు’ అంటే ఏ పనో విడిగా చెప్పనక్కర్లేదు. వాన పడిన మర్నాడు తెల్లారకముందే లేచి అరక కట్టడానికి, రుతుపవనం నమ్మించి మోసం చేసినా మళ్లీ విత్తడానికి కావలసింది గట్టి నిశ్చయమే. ఆ నిశ్చయం పేరే ఆ పనికి పేరుగా నిలిచిపోయింది. తెలుగువారు ఈ మాటను ఎంచుకోవడంలో రైతు పని మీద గౌరవం ఉందని అనుకోవడానికి వీలుంది.

ఈ మార్పు ఒక్క మాటది కూడా కాదు. సంస్కృతంలో ప్రయత్నం, శ్రమ అనే అర్థమున్న మాటలను తెలుగు ఒక్కొక్కటిగా తీసుకుని ఒక్కో బతుకుదెరువుకో, సామూహిక పనికో కేటాయించింది. ఉద్యోగం అంటే ప్రయత్నం, తెలుగులో నెల జీతం. పరిశ్రమ అంటే అలసట, కష్టం, తెలుగులో ఫ్యాక్టరీ. వ్యాపారం అంటే ఏదైనా చేసే పని, తెలుగులో కొనుగోలు అమ్మకం. ఉద్యమం అంటే యత్నం, తెలుగులో జనం చేసే పోరాటం. ‘ఉద్యమేన హి సిధ్యంతి కార్యాణి’ అనే శ్లోకం ఊరికే కోరుకుంటే పనులు కావు, ప్రయత్నిస్తేనే అవుతాయని చెబుతుంది. 2014లో రాష్ట్రం తెచ్చుకున్న తెలంగాణ చెవికి అది వేరేగా వినిపించడం సహజం.

ఇలా ప్రయత్నాన్ని చెప్పే మాటలన్నీ ఒక్కో పనికి కుదురుకున్నాక, వట్టి ప్రయత్నాన్ని బరువుగా చెప్పడానికి ఒక మాట కావలసి వచ్చింది. అప్పటికి సాగు పనికి వ్యవసాయం, సేద్యం, సాగు ఉన్నాయి కాబట్టి కృషి ఖాళీగా ఉంది. ఆ పనికి అది కుదిరింది. ఒకే అర్థమున్న మాటలు ఎక్కువైనప్పుడు భాష వాటికి పని పంచి పెడుతుంది. ఈ రెండు మాటల ప్రయాణంలో అసలు సూత్రం ఇదే.

పక్కింటివారి వ్యవసాయం

ఆ పంపకం ఒక్కో భాషలో ఒక్కోలా జరిగింది. హిందీలో సాగుకు ఖేతీ, కృషి రెండూ స్థిరంగా ఉన్నాయి. అందుకే అక్కడ వ్యవసాయ్ వృత్తి, వ్యాపారాల వైపు వెళ్లింది. ‘వ్యావసాయిక్ శిక్షా’ అంటే వ్యవసాయ విద్య కాదు, వృత్తి విద్య. బెంగాలీలో బ్యబ్‌సా అంటే బేరసారాలే. మరాఠీలో సాగు శేతీ, వ్యవసాయ్ వృత్తి.

అందరికంటే ఆశ్చర్యపరిచేది మలయాళం. అక్కడ కృషి అంటే ఇప్పటికీ సాగే, వ్యవసాయం అంటే పరిశ్రమ. కేరళలో ‘వ్యవసాయ మంత్రి’ అంటే పరిశ్రమల మంత్రి. తెలుగువాడూ మలయాళీ ఒకే మాటను ఒకేలా పలికి రెండు వేరు శాఖల గురించి మాట్లాడుకోగలరు. తమిళం మాత్రం తెలుగుతో నడిచింది: వివసాయం సాగు, వివసాయి రైతు. కన్నడంలో బేసాయ అనే మాట ఉంది. అది వ్యవసాయం నోట్లో నలిగి వచ్చిన రూపమే, అర్థం సాగు.

మిగతా మాటల్లోనూ ఇదే తేడా. ఢిల్లీలో ఉద్యోగ్ భవన్ ఉంది. తెలుగులో చదివితే అది కొలువుల భవనం, హిందీలో పరిశ్రమల భవనం. హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పరిశ్రమ భవన్ ఉంది. హిందీవారు చదివితే అది కష్టపడటానికి కట్టిన భవనం, మనకు పరిశ్రమల భవనం. రెండు బోర్డులూ చెప్పేది ఒకటే.

ఎవుసం

పుస్తకాల్లో వ్యవసాయం అని రాసినా తెలంగాణ పల్లెల్లో మాట ‘ఎవుసం’. ‘ఎవుసం జేసుకుంట బతుకుతున్నం’ అనే మాటలో ఉన్నది ఆ సంస్కృత పదమే. మాట మొదట్లో ‘వ్య’ పలకడం తెలుగు నోటికి బరువు. అందుకే వ్యవహారం యవ్వారం అయింది, వ్యవసాయం ఎవుసం అయింది. మధ్యలో పొడుగు అక్షరం కరిగింది, చివర కుదించుకుంది.

దీన్ని తప్పు ఉచ్చారణ అనడం అన్యాయం. పండితులు పుస్తకంలో పెట్టుకున్న మాట ఇంతగా అరగదు. తరాల తరబడి రోజూ నోళ్లలో నలిగిన మాటే అరుగుతుంది. దున్నేవారే ఈ మాటను తమదిగా చేసుకున్నారని చెప్పడానికి ఎవుసం కంటే గట్టి రుజువు లేదు. కన్నడ బేసాయకు నిఘంటువులో చోటు, గౌరవం దొరికాయి. ఎవుసానికి కూడా అంతే హక్కుంది. తెలంగాణ ప్రభుత్వం 2020లో ఖరీఫ్, రబీ అనే మాటల బదులు వానాకాలం, యాసంగి అనడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పత్రికల్లో, అధికారుల నోట యాసంగి ఎంత మామూలైపోయిందో చూస్తే, పల్లె మాట కాగితం మీదికి రావడం కష్టమేమీ కాదని తెలుస్తుంది.

సాగు, సేద్యం, కాస్తు

ఇన్ని మాటలున్నా అవి ఒకదాని బదులు ఒకటి పెట్టుకునేవి కావు. శాఖ, మార్కెట్, కమిషనర్ అన్నప్పుడు వ్యవసాయం. ఎకరాల లెక్క వస్తే సాగు: సాగు విస్తీర్ణం, సాగునీరు, సాగులోకి తెచ్చిన భూమి. పద్ధతి చెప్పాలంటే సేద్యం: బిందు సేద్యం, ప్రకృతి సేద్యం. ‘సాగు’ ముందుకు పోవడం అనే అచ్చ తెలుగు క్రియ, పనిని దాని నడకతో పిలిచిన పేరు. నాగలికి ఉన్న పాత తెలుగు మాట ‘ఏరు’ మాత్రం ఇప్పుడు ఏరువాకలోనే మిగిలింది. తమిళంలో ఏర్ అంటే ఇప్పటికీ నాగలే. జ్యేష్ఠ పున్నమి నాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులద్ది తొలి దుక్కి దున్నే పండుగ పేరులో ఆ మాట బతికుంది.

హైదరాబాద్ రాజ్యంలో దఫ్తరు భాష మొదట ఫార్సీ, తర్వాత ఉర్దూ. అందువల్ల భూమి కాగితాల భాష వేరే దారిలో వచ్చింది. పహాణీలో ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే మాట కాస్తు. మెట్ట నేల ఖుష్కి, మాగాణి తరి. ఒకటి ఎండినది, ఒకటి తడిసినది అని ఫార్సీలో అర్థం. కోస్తా కాగితాల్లోని జిరాయితీ కూడా సాగు అనే అర్థమున్న అరబీ మాట నుంచే వచ్చింది. అన్నిటికంటే దగ్గరిది రైతు. అరబీలో దాని మూలం మేపడం, కాయడం అనే అర్థానిది. కాపరి కింద ఉన్న మంద, ఆపై రాజు కింద ఉన్న ప్రజ అనే అర్థాలు దాటి, శిస్తు కట్టే సాగుదారు దగ్గర ఆగింది. పనికి పెట్టుకున్న పేరులో పూనిక ఉంది. మనిషికి పెట్టిన పేరులో ఏలుబడి ఉంది. మొదటిది పనిచేసేవారి నోట నలిగిన మాట, రెండోది శిస్తు వసూలు చేసేవారి పుస్తకంలోంచి వచ్చిన మాట. ఈ తేడా గమనించాల్సినది.

ఈ తేడాలు ఎక్కడ తగులుతాయి

మొదట తగిలేది అనువాదంలో. హిందీ నుంచి తెలుగు చేసేటప్పుడు ‘వ్యవసాయ్’ను వ్యవసాయంగా, ‘ఉద్యోగ్’ను ఉద్యోగంగా, ‘పరిశ్రమ్’ను పరిశ్రమగా దించేస్తే వాక్యం చూడటానికి బాగానే ఉంటుంది, అర్థం మాత్రం వేరే ఊరికి పోతుంది. అచ్చం ఒకేలా ఉండటమే ఇక్కడ ప్రమాదం. తెలియని మాటైతే నిఘంటువు చూస్తారు, తెలిసినట్టున్న మాటకు చూడరు. కేంద్ర పథకాల పేర్లు ఇందుకు ఇంకో ఉదాహరణ. 2015లో మొదలైన ప్రధానమంత్రి కృషి సించాయి యోజన సాగునీటి పథకమని తెలుగు అక్షరాల్లో ఆ పేరు చూసినవారికి వెంటనే తట్టదు. 2020 జులై నుంచి చిన్న పరిశ్రమలకు ఇస్తున్న ‘ఉద్యమ్’ రిజిస్ట్రేషన్ కూడా అంతే. సర్టిఫికెట్ మీద ఆ మాట చూసిన దుకాణదారుకు పోరాటం గుర్తొస్తుంది, అందులో ఉన్నది మాత్రం వ్యాపార యత్నం.

చట్టంలో ఈ మాటకు డబ్బు విలువ ఉంది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఏది వ్యవసాయం అన్నది కోర్టుల దాకా వెళ్లింది. 1957లో రాజా బినయ్ కుమార్ సహాస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చర్చించింది. నేల దున్నడం, విత్తడం, నాటడం వంటి మూల పనులు మనిషి శ్రమతో, నేర్పుతో నేల మీద జరగాలి. కలుపు తీయడం, కోయడం లాంటి తర్వాతి పనులు ఆ మూల పనులకు కొనసాగింపుగా ఉంటేనే వ్యవసాయం కిందికి వస్తాయి. తనంతట తాను మొలిచిన దాన్ని కోసుకుంటే సరిపోదు. కోర్టు ఇంగ్లిష్ మాటను, దాని లాటిన్ మూలాన్ని ముందు పెట్టుకుని చెప్పిన సూత్రమిది. అయినా చివరికి తేలింది నేల మీద మనిషి పెట్టిన శ్రమ గురించే. సంస్కృత వ్యవసాయం చెప్పే పూనికకు అది ఎంత దగ్గరగా వచ్చిందో!

నగరం చుట్టూ భూమి కొనేవారికి ‘వ్యవసాయ’, ‘వ్యవసాయేతర’ అనే రెండు మాటల మధ్య నాలా మార్పిడి (సాగు భూమిని వేరే అవసరాలకు మార్చుకునే అనుమతి), రుసుము, రిజిస్ట్రేషన్ ఉంటాయి. కాగితం మీద వ్యవసాయ భూమి అని ఉన్నంత మాత్రాన అక్కడ చాలు పడుతోందని కాదు. శంషాబాద్, శంకర్‌పల్లి వైపు ప్రహరీ కట్టి గడ్డి పెరిగిన ఎకరాలు కూడా కాగితంలో వ్యవసాయమే.

మొదట్లో చెప్పిన ఫారం గడి దగ్గరికి వస్తే, చేవెళ్ల నుంచి కూరగాయల బండితో తెల్లారేసరికి మెహిదీపట్నం రైతుబజారుకు చేరిన రైతు ఒకరు బ్యాంకు పని మీద అదే ఫారం నింపుతున్నారనుకుందాం. ‘వ్యవసాయ్’ అనే గడిలో ఆయన ‘వ్యవసాయం’ అని రాస్తారు. ప్రశ్నలో ఉన్న మాట, జవాబులో ఉన్న మాట ఒకటే. రెండూ సరైనవే.